ఊపిరి దారి

మిరప కోతలు మొదలైతే క్రోసూరు చుట్టుపక్కల ఆడవాళ్ల నోట ఒక మాట తరచు వినిపిస్తుంది. "ఊపిరి సలపడం లేదమ్మా" అంటారు. తెల్లారకముందే లేవాలి. వంట చేయాలి. అన్నం కట్టుకుని చేలోకి పోవాలి. పొద్దుగూకాక ఇంటికి వచ్చి మళ్లీ పొయ్యి వెలిగించాలి.

పని ఎక్కువైతే ఊపిరి సలపడం లేదంటాం. భయం తీరితే హమ్మయ్య, ఊపిరి పీల్చుకున్నాం అంటాం. మన మాటల్లో ఇన్నిసార్లు వచ్చే ఈ ఊపిరి ఒంట్లో ఏ దారిన పోతుంది? లోపలికి పోయి ఏం చేస్తుంది? దాన్ని చెడగొట్టేవి ఏవి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎంత గాలి కావాలి?

అన్నం లేకుండా మనిషి కొన్ని రోజులు ఉండగలడు. నీళ్లు లేకుండా రెండు మూడు రోజులు ఉండగలడు. గాలి లేకుండా ఉండలేడు. నాలుగైదు నిమిషాలు గాలి అందకపోతే మెదడు దెబ్బతింటుంది.

ఊరికే కూర్చున్న పెద్ద మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు ఊపిరి తీస్తాడు. ఒక్కో ఊపిరికి అర లీటరు గాలి లోపలికి పోతుంది. ఆ లెక్కన రోజుకు 10,800 లీటర్లు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 720 బిందెలు! బరువు పని చేసేటప్పుడు ఇంకా ఎక్కువ గాలి కావాలి.

తాగే నీళ్లు మురికిగా ఉంటే వడకట్టుకుంటాం. కాచుకుంటాం. 720 బిందెల గాలిని ఎవరు వడకడతారు? ఆ పని మన ఒళ్లే చేసుకుంటుంది. ఎలాగో చూద్దాం.

వాకిలి: ముక్కు

గాలి వచ్చే వాకిలి ముక్కు. ముక్కులో సన్నని వెంట్రుకలు ఉంటాయి. అవి జల్లెడలాగా పెద్ద దుమ్మును ఆపుతాయి. ముక్కు లోపల తడిగా, జిగటగా ఉంటుంది. మిగిలిన దుమ్ము ఆ జిగటకు అంటుకుంటుంది. చేలో పని చేసి వచ్చి ముక్కు చీదితే నల్లగా వస్తుంది కదా! అది ముక్కు ఆపిన దుమ్మే.

ముక్కు ఇంకో మేలు కూడా చేస్తుంది. చలి గాలిని వెచ్చబెడుతుంది. పొడి గాలిని తడి చేస్తుంది. నోటికి ఇలాంటి జల్లెడ లేదు. అందుకే ముక్కుతోనే ఊపిరి పీల్చాలి.

కూడలి: గొంతు

ముక్కు నుంచి వచ్చే దారి, నోటి నుంచి వచ్చే దారి గొంతులో కలుస్తాయి. అక్కడి నుంచి మళ్లీ రెండు దారులు చీలతాయి. ముందు ఉండేది గాలి దారి. దాని వెనక ఉండేది అన్నం దారి.

అన్నం గాలి దారిలో పడకుండా ఒక చిన్న మూత ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని ఉపజిహ్విక అంటారు. ముద్ద మింగేటప్పుడు ఆ మూత గాలి దారిని మూస్తుంది. మింగడం అయ్యాక తెరుచుకుంటుంది. మీరు మెడ మీద వేలు పెట్టి గుటక వేయండి. గొంతులో గట్టిగా తగిలేది పైకి లేచి కిందికి దిగుతుంది.

తింటూ మాట్లాడినా, నవ్వినా ఒక్కోసారి మూత సరిగా పడదు. మెతుకు గాలి దారిలోకి పోతుంది. వెంటనే పొలమారుతుంది. "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తి మీద తడతాం. తలుచుకునే వాళ్లు తలుచుకోవచ్చు గానీ, పొలమారడానికి కారణం దారి తప్పిన మెతుకే. దగ్గు దాన్ని బయటికి తోస్తుంది.

పసిపిల్లల గాలి దారి చాలా సన్నగా ఉంటుంది. వేరుశనగ గింజ గానీ, చింతగింజ గానీ అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలకు వేరుశనగ గింజల్ని అలాగే పెట్టకూడదు. దంచి పొడి చేసి పెట్టాలి.

మాట పుట్టే చోటు: స్వరపేటిక

గొంతులో ఇందాక వేలికి గట్టిగా తగిలింది కదా! అదే స్వరపేటిక. దాని లోపల రెండు సన్నని పొరలు ఉంటాయి. బయటికి పోయే గాలి తగిలి అవి అదురుతాయి. అదిరితే గొంతు పలుకుతుంది. మనం మాట్లాడే మాట, పిల్లలకు పాడే జోల, చేలో పాడే పాట అన్నీ వెళ్లిపోయే గాలితోనే పుడతాయి.

గాలి గొట్టం, దాని కొమ్మలు

స్వరపేటిక కింద గాలి గొట్టం ఉంటుంది. దీన్ని వాయునాళం అంటారు. పొడవు సుమారు సగం జానెడు. మెత్తని గొట్టమైతే నొక్కుకుపోతుంది. అందుకే దీనికి పొడవునా మృదులాస్థి కట్లు ఉన్నాయి. మృదులాస్థి అంటే చెవి డొప్పలో ఉండే మెత్తటి ఎముక లాంటిది.

గాలి గొట్టం రొమ్ములోకి దిగి రెండుగా చీలుతుంది. ఒకటి కుడి ఊపిరితిత్తికి, ఒకటి ఎడమ ఊపిరితిత్తికి పోతుంది. అక్కడ కొమ్మలు, రెమ్మలుగా చీలుతూ పోతుంది. ఒక వేపచెట్టును తలకిందులుగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. మొద్దు గాలి గొట్టం. కొమ్మలు శ్వాసనాళాలు. సన్న రెమ్మలు శ్వాసనాళికలు.

ఈ గొట్టాల లోపలి గోడలకు జిగట పూత ఉంటుంది. కంటికి కనపడని సన్నని నూగు కూడా ఉంటుంది. ముక్కు దాటి వచ్చిన దుమ్ము జిగటకు అంటుకుంటుంది. నూగు చీపురులాగా కదులుతూ ఆ జిగటను పైకి, గొంతు వైపు ఊడుస్తుంది. అదే కఫం. ఇటు వైపు వాళ్లు కళ్లె అంటారు. రాత్రీ పగలూ ఆ చీపురు ఆగదు.

ఊపిరితిత్తులు

కంసాలి దగ్గర, కమ్మరి కొలిమి దగ్గర తోలు తిత్తి ఉండేది. లాగితే గాలి నిండేది. నొక్కితే గాలి బయటికి వచ్చేది. మన రొమ్ములో ఉన్నవీ అలాంటివే. అందుకే వాటికి ఊపిరితిత్తులు అని పేరు.

కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు ఉంటాయి. ఎడమ దానికి రెండే. ఎడమ వైపు గుండెకు చోటు ఇవ్వాలి కదా! వీటి చుట్టూ పక్కటెముకలు బుట్టలాగా కాపలా ఉంటాయి. ఒక్కో వైపు 12 ఎముకలు.

కొలిమి తిత్తిని మనిషి లాగుతాడు. మన తిత్తుల్ని ఎవరు లాగుతారు? ఊపిరితిత్తుల కింద, పొట్టకు పైన ఒక కండర పొర ఉంటుంది. దాని పేరు ఉదరవితానం. అది కిందికి దిగితే రొమ్ములో చోటు పెరుగుతుంది. గాలి లోపలికి వస్తుంది. అది వదులై పైకి లేస్తే గాలి బయటికి పోతుంది. పక్కటెముకల మధ్య కండరాలు కూడా సాయం చేస్తాయి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిదానంగా ఊపిరి తీయండి. చెయ్యి లేచి పడుతుంది.

చివరి మజిలీ: గాలి బుడగలు

సన్న రెమ్మల చివర గుత్తులు గుత్తులుగా చిన్న బుడగలు ఉంటాయి. వీటి పేరు వాయుగోణులు. ఒక్కొక్కటి గసగసాల గింజ కన్నా చిన్నది. ఒక మనిషిలో ఇవి 30 కోట్లకు పైగా ఉంటాయి. అన్నిటినీ విప్పి నేల మీద పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు అవుతుంది. అంటే ఒకటిన్నర సెంటు ఇళ్ల స్థలం కన్నా ఎక్కువ. అంత స్థలం మన రొమ్ములో మడత పెట్టి ఉంది!

అంత స్థలం ఎందుకు? ఇచ్చిపుచ్చుకోవడానికి. బుడగ గోడ ఉల్లిపొర కన్నా పలచన. దాని చుట్టూ సన్నని రక్తనాళాలు వలలాగా అల్లుకుని ఉంటాయి. గాలిలోని ప్రాణవాయువు ఆ గోడ దాటి రక్తంలోకి పోతుంది. ఒంట్లో తయారైన బొగ్గుపులుసు వాయువు రక్తం నుంచి బుడగలోకి వస్తుంది. ఊపిరి వదిలితే బయటికి పోతుంది.

మనం పీల్చే గాలిలో వంద పాళ్లకు 21 పాళ్లు ప్రాణవాయువు. వదిలే గాలిలో 16 పాళ్లే ఉంటుంది. మిగతాది ఒళ్లు వాడుకుంది. తిన్న అన్నం బలంగా మారాలంటే ప్రాణవాయువు ఉండాలి. పొయ్యిలో కట్టె మండాలంటే గాలి కావాలి కదా, అలాగే.

రక్తంలో ప్రాణవాయువును మోసేది ఎర్ర రంగు పదార్థం. దాని తయారీకి ఇనుము కావాలి. రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్లకు నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నా, మోసే కూలీలు చాలరు. ఆకుకూరలు తినాలి. ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలు వేసుకోవాలి.

2020, 2021 సంవత్సరాల్లో కరోనా వచ్చినప్పుడు ఆక్సిజన్ అనే మాట ప్రతి ఇంటికీ తెలిసింది. ఆక్సిజన్ అంటే ఈ ప్రాణవాయువే. జబ్బు ముదిరిన వాళ్లకు గాలి బుడగల్లో వాపు వచ్చింది. నీరు చేరింది. గాలి లోపలికి పోయినా ప్రాణవాయువు రక్తంలోకి దాటలేకపోయింది. అందుకే సిలిండర్లతో ఎక్కువ ప్రాణవాయువు ఇవ్వాల్సి వచ్చింది.

జల్లెడ ఆపలేనిది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. జల్లెడ పడితే రాయి పైన ఆగుతుంది. పిండి కిందికి దిగుతుంది. ముక్కు కూడా అంతే. పెద్ద దుమ్మును ఆపుతుంది. బాగా సన్నని దుమ్మును, పొగను ఆపలేదు. అవి గొట్టాలు దాటి గాలి బుడగల దాకా పోతాయి. అక్కడ ఊడ్చే నూగు లేదు. కొంత మసిని ఒంట్లోని కణాలు మింగేస్తాయి. మిగిలింది అక్కడే పేరుకుంటుంది. ఏళ్ల తరబడి పేరుకుంటే బుడగలు దెబ్బతింటాయి. దెబ్బతిన్న బుడగలు మళ్లీ రావు.

కాబట్టి లోపలి జల్లెడ మీదే భారం వేయకూడదు. దుమ్మును, పొగను బయటే ఆపాలి.

*మిరప కల్లం.* కల్లంలో కాయలు తిరగేసేటప్పుడు, తాలు ఏరేటప్పుడు, తొడిమలు తీసేటప్పుడు, టిక్కీలకు ఎత్తేటప్పుడు ఘాటు లేస్తుంది. తుమ్ములు, దగ్గు, కళ్ల మంట వస్తాయి. తుమ్ము, దగ్గు రెండూ ఒళ్లు చేసుకునే కాపలా. గాలి వీచే వైపు వీపు పెట్టి కూర్చోవాలి. ముక్కుకూ నోటికీ గుడ్డను రెండు మూడు మడతలు కట్టుకోవాలి. గుడ్డ అంతా ఆపదు, కొంత వరకు ఆపుతుంది. మాస్కు దొరికితే ఇంకా మంచిది. ఆ గుడ్డను రోజూ ఉతకాలి. పత్తి ఏరేవాళ్లు, జిన్నింగు మిల్లుల్లో పని చేసేవాళ్లు, పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పని చేసేవాళ్లు కూడా ఇలాగే చేయాలి.

*పురుగు మందు.* మిరపకు, పత్తికి మందు కొట్టేటప్పుడు సన్నని తుంపర గాలిలో తేలుతుంది. ఇందాక చెప్పుకున్న ఒకటిన్నర సెంటు స్థలం గుర్తుందా? మందు అక్కడికి చేరితే నేరుగా రక్తంలో కలుస్తుంది. మామూలు గుడ్డ దీన్ని ఆపలేదు. గాలికి ఎదురుగా మందు కొట్టకూడదు. కొట్టే చేలో, పక్క చేలో కూలి పని చేయకూడదు. చూలింతలు, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. తల తిరిగినా, వాంతి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా మందు డబ్బా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది.

*పొయ్యి.* పత్తి కట్టె, మిరప కట్టె, పిడకలు మండిస్తే దట్టమైన పొగ వస్తుంది. ఆ పొగ ముందు ఎక్కువ సేపు ఉండేది ఇల్లాలు. ఆమె చంకలో ఉండేది పసిబిడ్డ. బీడీ ముట్టని ఆడవాళ్లకు కూడా పెద్ద వయసులో ఆయాసం రావడానికి ఈ పొగ ఒక ముఖ్య కారణం. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకం తెచ్చింది. ఈ రెండూ పేద ఇళ్ల ఆడవాళ్ల పేరున గ్యాస్ ఇవ్వడానికి వచ్చినవే. అయినా సిలిండరు ఖర్చుకు వెనకాడి చాలా ఇళ్లలో కట్టెల పొయ్యి కూడా వాడతారు. వాడక తప్పకపోతే పొయ్యిని ఇంటి బయట, పందిరి కింద పెట్టాలి. ఎండిన కట్టెలే వాడాలి. లోపలే వండాల్సి వస్తే పొగ పోవడానికి పైన గూడు, ఎదురుగా కిటికీ ఉంచాలి. బిడ్డను పొయ్యి దగ్గరికి తేకూడదు.

*సాంబ్రాణి.* పసిబిడ్డకు తలంటు పోసి సాంబ్రాణి పొగ వేయడం మన వాడుక. ప్రేమతోనే వేస్తారు. కానీ పొగ ఏదైనా పొగే. బిడ్డ లేత ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. మెత్తటి గుడ్డతో తల తుడిచి, ఆరనిస్తే చాలు.

*బీడీ, చుట్ట, సిగరెట్టు.* ఈ పొగ ముందు చీపురు పని చేసే నూగును పడగొడుతుంది. ఊడ్చేవాళ్లు లేని ఇంట్లో చెత్త పేరుకున్నట్టు కఫం పేరుకుంటుంది. ఊపిరితిత్తుల కాన్సరుకూ దారి తీస్తుంది. తాగేవాళ్లకే కాదు, అదే ఇంట్లో ఉన్న భార్యాబిడ్డలకూ చెరుపే.

దగ్గు రెండు వారాలు దాటితే

చాలా ఇళ్లలో ఇలాంటి మాటలు నడుస్తాయి.

"అత్తయ్యా, సంక్రాంతి ముందు మొదలైంది నీ దగ్గు. శివరాత్రి వస్తోంది. ఇంకా తగ్గలేదు. ఆసుపత్రికి పోదాం రా."

"పొగ దగ్గులేవే అమ్మాయ్. పొయ్యి ముందు కూర్చునేదానికి దగ్గు రాక ఏమొస్తది?"

"సాయంత్రమైతే జ్వరం కూడా వస్తోంది కదా! జాకెట్లు కూడా వదులైపోయినయ్."

"ఆ జబ్బని తేలితే నలుగురూ ఏమంటారు? నా బిందె పక్కన బిందె పెట్టనియ్యరు."

"నలుగురి సంగతి తర్వాత. నువ్వు రోజూ పక్కలో వేసుకునే నీ మనవడి సంగతి చూడు అత్తయ్యా."

కోడలి మాట సరైన మాట. అత్త దగ్గు పొగ దగ్గే కావచ్చు. క్షయ కూడా కావచ్చు. చూసి చెప్పలేం. కఫం పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితం. మందులూ ఉచితం.

క్షయ ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. 1882లో జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ ఆ క్రిమిని కనిపెట్టాడు. అది శాపం కాదు. వంశపారంపర్యం కాదు. రోగి దగ్గినప్పుడు క్రిములు గాలిలోకి వస్తాయి. ఆ గాలి పీల్చిన వాళ్లకు అంటుకోవచ్చు. బిందె తాకితే, కంచం తాకితే అంటుకోదు. ప్రపంచంలో ఉన్న క్షయ రోగుల్లో సుమారు నలుగురిలో ఒకరు మన దేశంలోనే ఉన్నారు.

ఒకప్పుడు క్షయ వస్తే ఇల్లు వదిలి పోవాల్సి వచ్చేది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఆసుపత్రిలో నెలల తరబడి ఉండేవాళ్లు. 1956లో మద్రాసులో డాక్టర్లు ఒక పరిశోధన మొదలుపెట్టారు. కొందరు రోగులకు ఆసుపత్రిలో ఉంచి మందులిచ్చారు. కొందరికి ఇంటి దగ్గరే ఇచ్చారు. ఇంటి దగ్గర మందులు వాడిన వాళ్లకూ అంతే బాగా నయమైంది. ఇంట్లో వాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోలేదు. ఇది ప్రపంచానికే దారి చూపింది.

ఇప్పుడు మామూలు క్షయకు 6 నెలలు మందులు వాడితే చాలు. మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటే భయం బాగా తగ్గుతుంది. కానీ దగ్గు తగ్గిందని మధ్యలో మానకూడదు. మానితే క్రిములు మొండికేస్తాయి. తర్వాత మందులకు లొంగవు. మంచి తిండి కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేసింది. ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు చెబుతుంది.

పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టండి

మీకు ఇప్పుడు అంకెలు వచ్చు. ఆ అంకెలతో ఒక ప్రాణం కాపాడవచ్చు. జలుబు, దగ్గు ఉన్న బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి పొట్ట చూడండి. గడియారం గానీ సెల్‌ఫోన్ గానీ దగ్గర పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి.

రెండు నెలల లోపు బిడ్డ: 60 గానీ, అంతకు మించి గానీ ఉంటే ప్రమాదం.
రెండు నెలల నుంచి ఏడాది లోపు: 50 గానీ, అంతకు మించి గానీ.
ఏడాది నుంచి ఐదేళ్ల లోపు: 40 గానీ, అంతకు మించి గానీ.

ఇలా ఉంటే అది న్యుమోనియా కావచ్చు. గాలి బుడగల్లో నీరు, చీము చేరే జబ్బు అది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊపిరి తీసేటప్పుడు పక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఒక్క గంట కూడా ఆగకూడదు. పొట్ట మీద వాతలు పెట్టించకూడదు. వాత బిడ్డను కాలుస్తుంది. జబ్బును తగ్గించదు. సమయం కూడా పోతుంది.

గుర్తుంచుకోండి

ముక్కు పెద్ద దుమ్మును ఆపుతుంది. సన్న దుమ్మును, పొగను మనమే ఆపాలి.
కల్లంలో ముక్కుకు గుడ్డ. పొయ్యికి పొగ దారి.
రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష.
బిడ్డకు దగ్గు వస్తే ఊపిరి లెక్క.

చదివి చెప్పండి

1. పొలమారడానికి కారణం ఏమిటి?
2. గాలి గొట్టంలో చీపురు పని ఏది చేస్తుంది? బీడీ పొగ దాన్ని ఏం చేస్తుంది?
3. ఉదరవితానం కిందికి దిగితే ఏమవుతుంది?
4. క్షయ రోగి బిందె తాకితే జబ్బు అంటుకుంటుందా? ఎందుకు?
5. మీ ఇంట్లో పొగ ఏ దారిన బయటికి పోతోంది? చూసి రాయండి.

లెక్క చేయండి

నిమిషానికి 15 ఊపిరులు. గంటకు ఎన్ని? రోజుకు ఎన్ని?

చేసి చూడండి

ఊరికే కూర్చుని మీ ఊపిరి ఒక నిమిషం లెక్కపెట్టి పలక మీద రాయండి. రెండు బిందెల నీళ్లు మోసి మళ్లీ లెక్కపెట్టండి. ఎంత పెరిగింది? ఎందుకు పెరిగింది? పక్కవాళ్లతో మాట్లాడండి.